ఒకే దర్శనం, తొమ్మిది కథనాలు: జోసెఫ్ స్మిత్ పత్రాలపై కేస్ స్టడీ

1820 వసంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరా దగ్గర, ఇంటి పక్కనున్న చెట్ల మధ్యకు వెళ్లి ప్రార్థన చేసుకుంటున్న జోసెఫ్ స్మిత్ అనే రైతు కొడుకుకి తండ్రియైన దేవుడు, యేసుక్రీస్తు ఇద్దరూ కనిపించారని కథ. ఉన్న సంఘాల్లో దేనిలోనూ చేరవద్దని చెప్పారట. స్మిత్ స్థాపించిన, మార్మన్లుగా లోకానికి తెలిసిన సంఘానికి ఇదే ఆది ఘట్టం. హైదరాబాద్‌లో 2012లో ఆ సంఘం భారతదేశంలోనే తన మొదటి ‘స్టేక్’ను (కొన్ని స్థానిక సంఘాల సమూహాన్ని) ఏర్పాటు చేసింది కాబట్టి ఈ కథ మన ఊళ్లలో వినబడడం కొత్తేమీ కాదు. అయితే వినబడేది ఒక్క రూపమే. 1838లో మొదలుపెట్టి 1839లో రాయించి, 1880లో పవిత్ర గ్రంథాల్లో చేర్చుకున్న పాఠం అది.

ఆ దర్శనం గురించి స్మిత్ తానుగా రాసిన, రాయించిన, చెబుతుండగా పక్కవాళ్లు రాసుకున్న కథనాలు నాలుగున్నాయి: 1832, 1835, 1838–39, 1842. ఆయన బతికుండగా ఆయన నోట విన్నవాళ్లు రాసినవి ఇంకో అయిదు. ఇవి ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. కనిపించింది ఒకరా ఇద్దరా, వయసు ఎంత, అడవికి ఎందుకు వెళ్లాడు, ఆ ఏడు ఆ ప్రాంతంలో మత ఉజ్జీవం (జనంలో ఒక్కసారిగా మతావేశం రేగడం) నిజంగా జరిగిందా అన్న నాలుగు చోట్ల తేడాలు తేలతాయి. ఆ తేడాలను ఏ వరుసలో పరిశీలించాలి, ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు అన్నదే ఈ కేస్ స్టడీ. దర్శనం జరిగిందా లేదా అన్నది పత్రాలతో తేలే సంగతి కాదు. ఎప్పుడు, ఎవరికి, ఏమని చెప్పాడన్నది మాత్రం పత్రాలతో తేలుతుంది. ఈ రెండింటినీ కలిపేసినవాళ్ల పని మొదటి రోజే చెడుతుంది.

మన దగ్గర పాఠపరిష్కరణ అలవాటున్నవాళ్లు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు చూసినప్పుడు, వాటన్నిటి వెనుక ఒక మూలపాఠం ఉందన్న నమ్మకంతో చూశాడు. స్మిత్ కథనాల వెనుక అలాంటి మూలప్రతి లేదు. 1835 కథనం 1832 దానికి చెడిపోయిన నకలు కాదు. ప్రతి కథనమూ దానికదే మూలం. అన్నిటినీ వడపోసి ఒక ‘శుద్ధప్రతి’ తయారుచేస్తే, స్మిత్ ఏ రోజునా ఎవరికీ చెప్పని పదో కథనం పుడుతుంది.

ముందు కాగితం, తర్వాతే మాట

మొదట చూడాల్సింది కాగితాన్ని. స్మిత్ పత్రాల ఫొటోలు, అక్షరం పొల్లుపోకుండా తీసిన నకళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి అచ్చు పుస్తకంలోని పాఠంతో పని మొదలుపెట్టడానికి సాకు లేదు. ప్రతి పేజీలో నాలుగు చూసుకోవాలి: చేతిరాత ఎవరిది, కొట్టివేతలు ఎక్కడ, వరుసల మధ్య ఇరికించిన మాటలు ఏవి, అవి ఎవరి చేతివి.

1832 పత్రం మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. అది ఒక లెడ్జర్ పుస్తకంలో మొదటి మూడు ఆకుల మీద, అంటే ఆరు పేజీల్లో ఉంది. కొంత భాగం ఫ్రెడరిక్ జి. విలియమ్స్ చేతిరాత, కొంత స్మిత్ సొంత చేతిరాత. దర్శనం గురించిన వాక్యాలు స్మిత్ చేతివే. మొత్తం కథనాల్లో ఆయన తన చేత్తో దర్శనాన్ని రాసుకున్నది ఇదొక్కటే. పత్రం మీద తేదీ లేదు. విలియమ్స్ 1832 జులై 20న స్మిత్ దగ్గర రాతపనికి కుదిరాడు. అదే లెడ్జర్‌లో ఈ చరిత్ర తర్వాత నకలు చేసిన మొదటి ఉత్తరం తేదీ 1832 నవంబరు 27. కాబట్టి రాసింది ఈ రెంటికీ మధ్యే. తేదీ లేని పత్రానికి హద్దులు ఇలా పై నుంచీ కింది నుంచీ బిగించుకుంటూ రావాలి.

ఈ మూడు ఆకులను ఒకప్పుడు పుస్తకంలోంచి కత్తిరించి తీశారు. ఎప్పుడు తీశారన్నదానికి కాగితమే సాక్ష్యం. మూడో ఆకు తీసేటప్పుడు చిరిగింది. ఆ చిరుగును పారదర్శక సెల్లోఫేన్ టేపుతో అతికించారు. ఆ టేపు పుట్టింది 1930లో. 1965 నాటికి ఆకులు ‘కత్తిరించినవి’గా నమోదయ్యాయి. అంటే ఇరవయ్యో శతాబ్దం మధ్యలో జరిగిన పని అది. బైండింగులో మిగిలిన అంచులతో ఆకుల కోతలూ, మడత లోపలి అక్షరాల ముక్కలూ సరిపోతాయి కాబట్టి, అవి ఆ పుస్తకానివే అనడంలో అనుమానం లేదు. పరిశోధకుల చేతికి ఈ పాఠం 1965లో ఒక ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం ద్వారా వచ్చింది. 1969లో డీన్ జెస్సీ స్మిత్ తొలి కథనాలను చేతిరాతల వివరాలతో సహా ప్రచురించాడు. దాచారా, దాస్తే ఎందుకు అన్న గొడవ వేరే అధ్యాయం. అయితే ఒక పర్యవసానం మాత్రం గుర్తుంచుకోవాలి. 1965కు ముందు ఈ విషయం మీద ఎవరు ఏమి రాసినా, అనుకూలంగానైనా ప్రతికూలంగానైనా, దాదాపు అందరూ అత్యంత పాత కథనం చూడకుండానే రాశారు. దర్శనం మాట 1838 నాటి కల్పన అని 1945లో చేసిన వాదన 1832 పత్రంతో అలాగే కూలిపోయింది.

ఆ పత్రంలో ఉన్నది ఇది: పన్నెండో ఏట నుంచీ ఆత్మ సంగతి గురించిన దిగులు, సంఘాలన్నీ సత్యం తప్పాయని లేఖనాలు చదివి తానే తేల్చుకోవడం, తన పాపాల కోసం దుఃఖం, ప్రార్థన. మధ్యాహ్న సూర్యుణ్ని మించిన కాంతిస్తంభం దిగింది. అక్కడ మొదట ‘అగ్ని’ అని రాసి, కొట్టేసి, ‘కాంతి’ అని దిద్దాడు. ప్రభువు ఆకాశాలు తెరిచాడు, ప్రభువును చూశాను, నీ పాపాలు క్షమించబడ్డాయి అన్నాడు. ఉజ్జీవ సభల మాట లేదు. చీకటి శక్తి పట్టి నొక్కడం లేదు. యాకోబు పత్రిక వచనం లేదు. అచ్చు కోసం రాసింది కాదు. మొదటినుంచి చివరిదాకా పాపం, క్షమాపణల చుట్టూ తిరిగే సొంత సాక్ష్యం.

దీనికంటే ముందటి ఆధారం ఒకటుంది. చాలామంది వదిలేస్తారు. 1830 ఏప్రిల్‌లో సంఘం ఏర్పడినప్పటి నియమావళి పత్రంలో, ఈ మొదటి పెద్దకు (అంటే స్మిత్‌కు) పాపక్షమాపణ దొరికినట్టు తెలియజేయబడిందనీ, తర్వాత మళ్లీ లోక వ్యర్థతల్లో చిక్కుకున్నాడనీ ఒక వాక్యం ఉంది. ఓహాయోలోని ఒక పత్రికలో ఇది 1831లోనే అచ్చయింది. దర్శనం అన్న మాట లేకపోయినా, 1832 కథనం నడుస్తున్న దారి ఇదే. 1831 ఫిబ్రవరిలో పాల్మైరా పత్రిక ఒకటి, స్మిత్ దేవుణ్ని స్వయంగా చూశాడని అతని మనుషులు చెబుతున్నట్టు రాసింది. ఎగతాళిగా రాసిన వార్త కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టకూడదు. అలాగని వదిలేయనూ కూడదు.

1835 కథనం పుట్టుక పూర్తిగా వేరు. నవంబరు 9న ఓహాయోలోని కర్ట్‌లాండ్‌కు ‘యూదు బోధకుడు జాషువా’ అని చెప్పుకుంటూ రాబర్ట్ మాథ్యూస్ అనే స్వయంప్రకటిత ప్రవక్త వచ్చాడు. అతనితో మాట్లాడుతూ స్మిత్ చెప్పినదాన్ని వారెన్ పారిష్ దినచర్య పుస్తకంలో రాశాడు. నాలుక వాచినట్టు మాట రాకపోవడం, వెనుక ఎవరో నడిచి వస్తున్న చప్పుడు, లేచి చూస్తే ఎవరూ లేకపోవడం, దేన్నీ కాల్చని అగ్నిస్తంభం, అందులో ఒక దివ్యవ్యక్తి, కాసేపటికి అలాంటివాడే ఇంకొకడు, పాపక్షమాపణ, యేసుక్రీస్తు దేవుని కుమారుడన్న సాక్ష్యం, చాలామంది దేవదూతలు. అప్పటికి తనకు పద్నాలుగేళ్లు ఉండవచ్చు అన్నాడు. అయిదు రోజుల తర్వాత, నవంబరు 14న, ఎరాస్టస్ హోమ్స్ అనే ఇంకో అతిథికి అదే సంగతిని ‘మొదటి దేవదూతల దర్శనం’గా క్లుప్తంగా చెప్పాడు.

1838–39 పాఠం మిజోరీ నుంచి సంఘాన్ని వెళ్లగొట్టిన రోజులది. 1838 ఏప్రిల్‌లో మొదలైన రచన. ఇప్పుడు చేతిలో ఉన్నది 1839లో జేమ్స్ మల్‌హాలండ్ రాసిన ప్రతి. దుర్బుద్ధితో కొందరు పుట్టించిన పుకార్ల మూలంగా ఇది రాయాల్సివస్తోందని మొదటి వాక్యమే చెబుతుంది. కాబట్టి ఇది ఒక మనిషి ఆత్మకథ కాదు, వేధింపులకు గురైన సంఘం లోకానికి చెప్పుకుంటున్న సంజాయిషీ. ఉజ్జీవ సభల కోలాహలం, మెథడిస్టులూ బాప్టిస్టులూ ప్రెస్బిటేరియన్లూ ఒకరినొకరు ఖండించుకోవడం, ‘మీలో ఎవనికైనను జ్ఞానము కొదువగా ఉన్నయెడల అతడు దేవుని అడుగవలెను’ అన్న యాకోబు 1:5, చీకటి శక్తి, ఇద్దరు దివ్యవ్యక్తులు, ఒకరు రెండోవారిని చూపి ఈయన నా ప్రియకుమారుడు, ఈయన మాట విను అనడం, అన్ని సంఘాలూ తప్పేనన్న జవాబు. ‘1820 వసంతారంభం’ అన్న కాలం, ‘పదిహేనో ఏట’ అన్న వయసు ఇందులోనివే. పాపక్షమాపణ ప్రస్తావన ఇందులో లేదు.

1842 కథనం షికాగో పత్రికా సంపాదకుడు జాన్ వెంట్‌వర్త్ కోరికపై రాసింది. మార్చి 1న ఇలినాయ్ రాష్ట్రం నావూలోని సంఘం పత్రికలో అచ్చయింది. క్లుప్తం, హుందా, బయటివారికి తగినట్టు.

విన్నవాళ్లు రాసిన అయిదు: 1840లో ఎడిన్‌బరోలో ఆర్సన్ ప్రాట్ వేసిన కరపత్రం (అచ్చులో దర్శనానికి ఇదే తొలి కథనం), 1842లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆర్సన్ హైడ్ జర్మన్‌లో వేసినది, 1843 జూన్‌లో లీవై రిచర్డ్స్ డైరీ, 1843 ఆగస్టులో పిట్స్‌బర్గ్ పత్రికా సంపాదకుడు డేవిడ్ నై వైట్ చేసిన ఇంటర్వ్యూ, 1844 మే 24న అలెగ్జాండర్ నైబావర్ డైరీ. పని ఆపినప్పుడు గొడ్డలి దిగేసిన మొద్దు దగ్గరికే ప్రార్థనకు వెళ్లానన్న వివరం వైట్ ఇంటర్వ్యూలో కనిపిస్తుంది. అందరిలాగా తనకూ ఉద్వేగం రావాలని, కేకలు వేయాలని ఉన్నా ఏమీ అనిపించలేదన్న మాటను నైబావర్ రాసిపెట్టాడు.

పట్టికలో ఖాళీ గడులు

తర్వాత పట్టిక. అడ్డంగా తొమ్మిది కథనాలు, రాసిన తేదీ వరుసలో. నిలువుగా కనీసం పన్నెండు శీర్షికలు: చేతిరాత, వినేవారు, ఉద్దేశం, అచ్చుకా సొంతానికా, వయసు, కాలం, ప్రార్థనకు కారణం, లేఖన వచనం, ఎదురైన శక్తి, కనిపించినవారు, చెప్పిన మాట, తర్వాత జరిగింది. తేదీ వరుస తప్పకూడదు. ప్రసిద్ధమైనదని 1838 పాఠాన్ని మొదటి గడిలో పెడితే మిగతావన్నీ దానికి ‘తగ్గినవి’గానో ‘పెరిగినవి’గానో కనిపిస్తాయి.

ఎక్కువమంది తడబడేది ఖాళీ గడుల దగ్గర. ఒక వివరం లేకపోవడం మూడు రకాలు. ఒకటి, చెప్పే సందర్భం లేక ఊరుకోవడం. 1842 ఉత్తరంలో చీకటి శక్తి లేకపోవడం ఇలాంటిదే, మొత్తం దర్శనమే అక్కడ కొన్ని వాక్యాల్లో ముగిసింది. రెండు, ఉండాల్సిన చోట లేకపోవడం. 1832లో రెండో వ్యక్తి కనిపించకపోవడం ఇలాంటిది. కనిపించినవారెవరో చెప్పే వాక్యంలోనే ఆ మాట లేదు. మూడు, ఉన్న మాటకు ఎదురుమాట ఉండడం. ఈ మూడింటినీ పట్టికలో వేర్వేరు గుర్తులతో చూపాలి. అన్నిటికీ ఒకే గీత పెట్టిన పట్టికతో ఏ వాదనైనా చేయవచ్చు. అదే దాని లోపం.

ఇంకో శీర్షిక తప్పనిసరి: ఇది దేని మీద ఆధారపడింది? 1842 ఉత్తరంలో ‘రూపురేఖల్లో అచ్చంగా ఒకరినొకరు పోలిన ఇద్దరు మహిమాన్విత వ్యక్తులు’ అన్న వాక్యం ఉంది. 1840 ప్రాట్ కరపత్రంలో దాదాపు అవే మాటలున్నాయి. ఉత్తరం రాసేటప్పుడు కరపత్రం ఎదురుగా ఉందన్నది స్పష్టం. కాబట్టి ‘ఇద్దరు’ అనడానికి ఈ రెంటినీ రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. స్మిత్ ఆ మాటలను తనవిగా ఒప్పుకున్నాడన్నంతవరకే దాని విలువ.

స్మిత్ సహచరుడు ఆలివర్ కౌడరీ 1834–35లో అచ్చువేసిన ఉత్తరాలు తొమ్మిదిలోకి రావు. వాటికి వేరే గడి పెట్టాలి. 1834 డిసెంబరు ఉత్తరంలో స్మిత్ పదిహేనో ఏట జార్జ్ లేన్ అనే మెథడిస్టు బోధకుడి వల్ల రేగిన కదలిక అని మొదలుపెట్టి, 1835 ఫిబ్రవరి ఉత్తరంలో దాన్ని పదిహేడో ఏడుగా దిద్ది, అడవి ప్రార్థన ఊసెత్తకుండా నేరుగా 1823 సెప్టెంబరు దేవదూత (మార్మన్ గ్రంథం గురించి స్మిత్‌కు చెప్పాడనే దూత) సంగతిలోకి వెళ్లిపోయాడు.

వయసు లెక్క

స్మిత్ పుట్టింది 1805 డిసెంబరు 23న. పద్నాలుగు నిండి పదిహేనులో పడ్డది 1819 డిసెంబరు 23న. కాబట్టి 1838 పాఠంలోని ‘పదిహేనో ఏట’, 1835, 1842ల్లోని ‘పద్నాలుగేళ్లప్పుడు’ రెండూ ఒక్కటే. 1820 వసంతానికి సరిగ్గా సరిపోతాయి. నడుస్తున్న ఏడు, నిండిన ఏళ్లు అన్న తేడా మన ఇళ్లలో రోజూ వాడేదే అయినా, అనువాదంలో ఈ రెంటినీ కలిపేసి లేని తేడా పుట్టించిన వ్యాసాలు కనిపిస్తాయి.

నిజంగా వేరుగా ఉన్నది 1832లోని ‘పదహారో ఏట’. ఆ మాట వరుసల మధ్య విలియమ్స్ చేత్తో ఇరికించింది. రాతగాడి పొరపాటని తేల్చేయాలనిపిస్తుంది. కానీ అదే పేజీల్లో స్మిత్ తన చేత్తో ‘పన్నెండో ఏట నుంచి పదిహేను దాకా’ ఆలోచిస్తూ గడిపానని రాశాడు. ప్రార్థన ఆ ఆలోచన తర్వాతిది. అంటే 1832లో స్మిత్ మనసులోనే ఆ లెక్క పదిహేను దగ్గర ఉంది. ఒక ఏడాది తేడా ఉందని ఒప్పుకుని అలాగే నమోదు చేయాలి. పన్నెండేళ్ల తర్వాత గుర్తుచేసుకుంటున్న మనిషికి ఒక ఏడాది అటూ ఇటూ కావడం సహజమే. దాన్ని విలియమ్స్ మెడకు చుట్టడం మాత్రం సరికాదు.

అదే కొలమానం 1838 పాఠానికీ వాడాలి. ‘పదో ఏట’ పాల్మైరా వచ్చామని, ‘దాదాపు నాలుగేళ్లకు’ పక్కనున్న మాంచెస్టర్ వైపు పొలానికి మారామని, అక్కడికి వచ్చిన రెండో ఏట మత కోలాహలం రేగిందని అందులో ఉంది. కాగితం మీద లెక్క కడితే 1820 దగ్గరికే చేరుతుంది. అయితే కుటుంబం వెర్మాంట్ వదిలింది 1816 చలివేసవిలో పంటలు పోయాక. అప్పటికి పిల్లవాడు పదకొండో ఏట ఉన్నాడు. మొదటి అంకె ఒక ఏడు జరిగితే మిగతావి కూడా జరుగుతాయి. లెక్క 1821, 1822ల వైపు పోతుంది. కాల నిర్ణయం గొలుసుకట్టుగా ఉన్నప్పుడు మొదటి కొక్కేన్ని బయటి ఆధారంతో పరీక్షించకుండా చివరి తేదీని నమ్మకూడదు.

కొందరు ఆనాటి వాతావరణ వివరాలు, మేపుల్ చెట్ల పాకం తీసే కాలం కలిపి 1820 మార్చి 26 అని తేదీ కూడా కట్టారు. మూలపాఠంలో ఉన్నది ‘వసంతారంభంలో, ఒక అందమైన నిర్మలమైన రోజు ఉదయం’ అన్నంతే. మూలం ఇవ్వని నిక్కచ్చితనాన్ని లెక్కతో తెచ్చిపెట్టడం చరిత్ర పని కాదు.

ఒకరా, ఇద్దరా

1832లో ‘ప్రభువు ఆకాశాలు తెరిచాడు, ప్రభువును చూశాను’ అని ఉంది. మొదటి ‘ప్రభువు’ తండ్రి, రెండో ‘ప్రభువు’ కుమారుడు అని ఇద్దరినీ ఇందులోనే చూపేవారున్నారు. వ్యాకరణం అడ్డురాదు. కానీ ఆ పత్రం ఒక్కదాన్నే చదివినవాడెవడూ ఇద్దరు కనిపించారని అనుకోడు. 1838 తెలిసినవాళ్లకే అది తడుతుంది. కాబట్టి దీన్ని ‘సాధ్యమే, పాఠం మాత్రం నిర్బంధించదు’ అన్న గడిలో ఉంచాలి. అటువైపు, 1832లో ఒక్కరే కాబట్టి రెండోవారు తర్వాతి కల్పన అనడానికీ పాఠం చాలదు. ఆ పత్రానికి కేంద్రం క్షమాపణ మాట. ఆ మాట అన్నది ఒక్కరే.

పట్టిక నిలువుగా చదివితే ఇంకోటి బయటపడుతుంది. 1835, 1843 వైట్, 1844 నైబావర్ — ఈ మూడింటిలోనూ మొదట ఒకరు, తర్వాత ఇంకొకరు వచ్చారు. 1838–39లోనూ 1842లోనూ ఒక్కసారిగా ఇద్దరు. మొదటి మూడూ ఎదురుగా కూర్చున్న మనిషికి నోటితో చెప్పినవి. తర్వాతి రెండూ అచ్చు కోసం కూర్చినవి. నోటితో చెప్పేటప్పుడు జరిగిన క్రమం వస్తుంది, అచ్చుకు కూర్చేటప్పుడు ఫలితం మిగులుతుంది. తొమ్మిదేళ్ల ఎడంలో, ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు రాసినవాళ్ల దగ్గర అదే క్రమం కనిపించడం నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన గమనిక. కనీసం 1835 నుంచి 1844 దాకా స్మిత్ నోటి కథనం నిలకడగా ఉందని అది చూపిస్తుంది. 1832కు మాత్రం అది పొడిగించలేం.

కలవని చోటు

1832లో సంఘాలన్నీ దారి తప్పాయని లేఖనాలు చదివి ముందే తేల్చుకుని అడవికి వెళ్లాడు. 1838లో ఏ సంఘం సరైనదో అడగడానికి వెళ్లాడు. పైగా, అన్నీ తప్పే అన్న ఆలోచన అప్పటిదాకా తన హృదయంలోకి రానేలేదని కుండలీకరణాల్లో చెప్పాడు. అదే 1838 పాఠంలో కాస్త పైన, ‘వీటిలో ఏది సరైనది? లేక అన్నీ కలిసి తప్పేనా?’ అని తనను తాను ప్రశ్నించుకున్నట్టూ ఉంది. బుద్ధికి తట్టడం వేరు, హృదయానికి ఎక్కడం వేరు అని ఈ రెంటినీ కలిపే సమాధానం ఉంది. 1838 లోపలి తేడాకు అది కొంతవరకు సరిపోతుంది. 1832తో తేడాకు సరిపోదు. అక్కడ అది అనుమానం కాదు, తేల్చుకున్న నిర్ణయం. వినేవారు మారారు కాబట్టి అనడానికీ వీల్లేదు. కారణమే మారింది. ఈ తేడాను తేడాగానే రాయాలి.

ఉజ్జీవం సంగతి ఇంకా చిక్కు. 1967లో వెస్లీ వాల్టర్స్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు పాల్మైరా సంఘాల రికార్డులు, మెథడిస్టు సభ్యుల లెక్కలు తిరగేసి, ఆ ఊళ్లో పెద్ద ఉజ్జీవం వచ్చింది 1824–25లో, 1820లో కాదు అని చూపించాడు. అది గట్టి పని. అందుకే ఎదుటి పక్షం చరిత్రకారులు కూడా ఆర్కైవుల్లోకి దిగాల్సి వచ్చింది. వాళ్లకు దొరికినవి: 1819 జులైలో దగ్గరలోని వియెన్నాలో, అంటే నేటి ఫెల్ప్స్‌లో, మెథడిస్టు బోధకుల మహాసభ జరిగింది, జార్జ్ లేన్ కూడా వచ్చాడు. 1820 జూన్ 28 నాటి పాల్మైరా పత్రికలో ఊరి దగ్గర జరిగిన మెథడిస్టు క్యాంప్ మీటింగ్ (ఆరుబయట గుడారాల్లో జరిగే మతసభ) ప్రస్తావన ఉంది. 1838 పాఠం కూడా అక్కడ పాల్మైరా పేరెత్తలేదు, ‘మేమున్న చోట’ అని మొదలుపెట్టి ‘ఆ ప్రాంతమంతా’ అంది.

రెండు పక్షాల ఆధారాలూ నిజమే. అవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు. 1819–20లో ఒక కుర్రాణ్ని కదిలించేపాటి మెథడిస్టు సందడి ఆ చుట్టుపక్కల ఉందనడానికి ఆధారం చాలు. అయితే 1838లో చెప్పిన పూర్తి చిత్రం — గుంపులు గుంపులుగా చేరడం, తల్లి లూసీ, అన్న హైరమ్, తమ్ముడు శామ్యూల్, అక్క సోఫ్రోనియా ప్రెస్బిటేరియన్లలో కలవడం — 1824కే బాగా అతుకుతుంది. అందుకు బలమైన సాక్షి తల్లే. 1844–45లో ఆమె చెప్పి రాయించిన ముసాయిదాలో, 1823 నవంబరులో పెద్దకొడుకు ఆల్విన్ పోయాక, ఆ దుఃఖంలో ఊరట వెతుక్కుంటూ సభలకు వెళ్లామని ఉంది. నా అంచనాలో 1838 పాఠం రెండు వేర్వేరు కాలాల జ్ఞాపకాలను ఒక చట్రంలో బిగించింది. ఇందులో మోసం వెతకనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల వెనక్కి చూసేవారి జ్ఞాపకంలో పెద్ద సంఘటన చిన్నదాన్ని తనలో కలిపేసుకుంటుంది. 1832 కథనానికి ఉజ్జీవమే అక్కర్లేదు. కాబట్టి 1820 ఉజ్జీవాన్ని కొట్టేస్తే 1838 నేపథ్యం దెబ్బతింటుంది, 1832 సాక్ష్యం చెక్కుచెదరదు. క్యాంప్ మీటింగ్ జరిగిందని రుజువు చేస్తే నేపథ్యం నిలుస్తుంది, దర్శనం రుజువు కాదు.

తర్వాతి చేతులు

కథనాల మధ్య తేడాలు కొన్ని స్మిత్‌వి కావు. 1835 నవంబరు 14న హోమ్స్‌తో అన్న ‘మొదటి దేవదూతల దర్శనం’ అన్న మాటను, ఆయన పోయాక అచ్చయిన సంఘ చరిత్రలో ‘నా మొదటి దర్శనం’గా మార్చారు. అచ్చు పాఠంతో పనిచేసేవారికి ఈ తేడా కనబడనే కనబడదు. 1838–39 ప్రతిలో 1823 నాటి దేవదూత పేరు ‘నెఫై’ అని ఉంది. 1842లో అలాగే అచ్చయింది. వేరే పత్రాలు ‘మొరోనై’ అంటున్నాయి కాబట్టి తర్వాత దిద్దారు. దిద్దుబాటు సరైనదే కావచ్చు. కానీ దిద్దినట్టు గుర్తు లేకుండా దిద్దడం తప్పు.

ఇంకొకటి వయసు లెక్కకు, ఉజ్జీవం లెక్కకు నేరుగా తగులుతుంది. దర్శనం తర్వాత ఇంటికొచ్చి పొయ్యిగూటికి ఆనుకుని నిలబడితే తల్లి ఏమైందని అడిగిందని, ‘ప్రెస్బిటేరియన్ మతం నిజం కాదని నాకే తెలిసింది’ అన్నానని ఒక వాక్యం ఇప్పటి పాఠంలో ఉంది. తల్లి 1820కే ప్రెస్బిటేరియన్ అని చూపడానికి దీన్ని తరచూ వాడతారు. ఆ వాక్యం మల్‌హాలండ్ 1839లో రాసిన పాఠంలో లేదు. 1842 మార్చి–ఏప్రిల్ అచ్చులోనూ లేదు. ఆ డిసెంబరులో స్మిత్ రాతగాడు విల్లర్డ్ రిచర్డ్స్ చేతిరాతతో చేర్చిన గమనిక అది. స్మిత్ బతికుండగా చేరింది కాబట్టి ఆయన మాటే అయి ఉంటుంది. కానీ పట్టికలో దాని తేదీ 1842 డిసెంబరు, 1838 కాదు.

పౌలు మూడుసార్లు

తెలుగు క్రైస్తవ పాఠకులు వెంటనే అడిగేది అపొస్తలుల కార్యముల సంగతి. దమస్కు దారిలో పౌలు చూసిన దర్శనం 9, 22, 26 అధ్యాయాల్లో మూడుసార్లు వస్తుంది. తోటి ప్రయాణికులు స్వరం విన్నారని ఒకచోట, వినలేదని ఇంకోచోట ఉంది. దీన్ని చూపి, పౌలుకు ఒప్పుకున్నది స్మిత్‌కు ఎందుకు ఒప్పుకోరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. పని మాత్రం వేరు. అక్కడి మూడు కథనాలూ ఒకే రచయిత కలం మీదుగా, ఒకే పుస్తకంలో వచ్చినవి. ఇక్కడ తొమ్మిది వేర్వేరు పత్రాలు, వేర్వేరు చేతులు, మొదటిది 1965 దాకా బయటపడలేదు. ఒక చోటి సమాధానాన్ని ఇంకోచోట అతికించడం రెండు పాఠాలకూ అన్యాయం.

రాయాల్సిన తీరు

పరిశీలన ముగిశాక నమోదు మూడు అంచెల్లో ఉండాలి. ఖాయమైనవి: 1832 నాటికి స్మిత్ తన కౌమారంలో దేవదర్శనమూ పాపక్షమాపణా పొందానని తన చేత్తో రాశాడు, 1835 నాటికి ఇద్దరు వ్యక్తుల మాట, దేవదూతల మాట చెబుతున్నాడు, 1838–39లో అది సంఘం పుట్టుక కథగా కుదురుకుంది, అచ్చులోకి మొదట 1840లో వచ్చింది. బలంగా అనిపించేవి: నోటి కథనంలో ఒకరి తర్వాత ఒకరు అన్న క్రమం, 1838 నేపథ్యంలో రెండు కాలాల కలయిక. తేలనివి: 1832లోని ‘ప్రభువు’ ఎవరు, సంఘాల విషయంలో ముందే నిర్ణయానికి వచ్చాడా లేదా, పద్నాలుగా పదిహేనా, తల్లి సంఘంలో చేరిన ఏడు. సంఘం కూడా 2013లో ఈ కథనాలన్నిటినీ ఒప్పుకుంటూ వ్యాసం ప్రచురించింది కాబట్టి, తేడాల గురించి మాట్లాడడం ఇప్పుడు విశ్వాసులకూ నిషిద్ధం కాదు.

చివరి అంశం మీద ఆధారం దొరికే చోటు ఒకటుంది. పాల్మైరా ప్రెస్బిటేరియన్ సంఘ పెద్దల మినిట్స్‌లో మిగిలిన సంపుటంలో, లూసీ, హైరమ్, శామ్యూల్ ఆరాధనకు రావడం మానేశారని 1830 మార్చిలో వాళ్లను సభ్యత్వం నుంచి నిలిపివేసిన నమోదు ఉంది. చేరిన తేదీ ఉండాల్సింది అంతకు ముందటి సంపుటంలో. అది కనబడడం లేదు. ఆ సంపుటం ఎక్కడైనా బయటపడి లూసీ పేరు పక్కన 1820 ఉంటే 1838 నేపథ్యం బలపడుతుంది, 1824 ఉంటే వాల్టర్స్ వాదన స్థిరపడుతుంది. ఏది ఉన్నా 1832 ఆకుల గడిలో మార్చాల్సింది ఏమీ ఉండదు.